లేని దేశపు సర్టిఫికెట్

1998 జూలైలో నా దరఖాస్తు తిరిగి వచ్చింది. దానికి గుచ్చిన చీటీ మీద ఒకటే వాక్యం: అర్హత పత్రం ఇచ్చిన దేశపు రాయబార కార్యాలయం నుంచి ధ్రువీకరణ తెచ్చి జతపరచవలెను. ఆ దేశం లేకుండా పోయి అప్పటికి దాదాపు ఎనిమిదేళ్ళు.

నేను ఫిజియోథెరపీ చదివింది తూర్పు జర్మనీలో. మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఆ దేశంతో స్నేహం కోసం పెట్టిన సంఘం తరఫున కొన్ని స్కాలర్‌షిప్పులు వస్తే, మగపిల్లల పేర్ల మధ్య నా పేరూ రాశాడు. 1968లో వెళ్ళాను. ఒక ఏడాది భాష, మూడేళ్ళు చదువు. 1972లో తిరిగి వచ్చాను. ఆ మరుసటి సంవత్సరం లింగంపల్లి వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీ ఆసుపత్రిలో చేరి, 1997 మార్చి ఆఖరుదాకా ఇరవై నాలుగేళ్ళు పనిచేశాను. యంత్రాల్లో పడి చేతులు నలిగినవాళ్ళు, బరువులెత్తి నడుములు పట్టేసినవాళ్ళు నా గదికి వచ్చేవారు. నా సర్టిఫికెట్ ఏ దేశానిదని అక్కడ ఒక్కరూ అడగలేదు. తరవాత ఫ్యాక్టరీ ఖర్చులు తగ్గించుకుంటూ మా విభాగం మూసేసింది. నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఇంట్లో కూర్చునే వయసు కాదు, కూర్చునే మనిషినీ కాను.

మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ప్రైవేటు ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టు కావాలని తెలిసి వెళ్ళాను. అప్పుడక్కడ అంతా రాళ్ళే. బండలు పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని మనిషి రోడ్డుకు అడ్డం నిలబడేవాడు. బస్సు ఆగేది, పేలుడు వినపడేది, దుమ్ము అణిగాక మళ్ళీ కదిలేది. ఆ దుమ్ములోంచి అద్దాల భవనాలు లేస్తున్నాయి. ఆ భవనాల్లో కంప్యూటర్ల ముందు కూర్చోబోయే పిల్లల మెడల మీద మా ఆసుపత్రికి చాలా ఆశలుండేవి.

సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరుది భీమవరం వైపు. మర్యాదస్తుడు. నా పని చూశాడు, మెచ్చుకున్నాడు, చేర్చుకున్నాడు. ఏడాది గడిచాక ఒకరోజు పిలిచి కుర్చీ చూపించాడు.

“కంపెనీలతో వాళ్ళ ఉద్యోగుల వైద్యానికి ఒప్పందాలు రాసుకుంటున్నామండి. వైద్యం చేసే ప్రతివాళ్ళకీ గుర్తింపు ఉన్న అర్హత ఉండాలని షరతు పెడుతున్నారు. మీకు వృత్తి సంఘం నంబరు లేదు కదండి.”

ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ఫిజియోథెరపిస్టులకు లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ మండలి లేదు. వృత్తి సంఘం ఇచ్చే సభ్యత్వ సంఖ్యనే ఆసుపత్రులు లైసెన్సుగా లెక్కవేసుకునేవి. విదేశాల్లో చదివినవాళ్ళకు ఆ సంఖ్య ఇవ్వాలా వద్దా అన్నది ఒక కమిటీ తేల్చాలి.

“దరఖాస్తు పెడతాను” అన్నాను.

“పెట్టండి. అది వచ్చేదాకా మిమ్మల్ని అసిస్టెంటు అని రాసుకుంటామండి. పేరుకే. పనంతా మీరే చూసుకోండి. సంతకం మాత్రం ఆ అమ్మాయి పెడుతుంది.”

ఆ అమ్మాయి అంటే మా విభాగంలో కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు. ఇరవై మూడేళ్ళు. వరంగల్ నుంచి డిగ్రీ పూర్తిచేసుకుని వచ్చింది. తెలివైనది, చేతులు ఇంకా కుదురుకోలేదు.

“పని నాది, సంతకం ఆ పిల్లది. అంతేనా?”

“కాయితం కోసం కదండి.”

“నా కాయితం చెల్లదన్నప్పుడు నా చేతులు మాత్రం ఎలా చెల్లుతాయి? అసిస్టెంటు అని రాసుకోండి. రేపటినుంచి అసిస్టెంటు పనే చేస్తాను.”

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మర్నాటి నుంచి పక్కమీద దుప్పటి మార్చాను, వేడినీళ్ళ సంచులు తెచ్చాను, రోగిని పేరు పెట్టి పిలిచాను. ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యలేదు. పాత రోగులు నా వైపు చూస్తే ఆ అమ్మాయిని చూపించాను. సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది.

“మేడమ్, నా మీద కోపమా?”

“నీ మీద ఎందుకు? నువ్వు చదివావు, నీకు నంబరుంది, నువ్వు చెయ్యి.”

“నాకు అన్ని రావు గద మేడమ్.”

“రానివి అడుగు. నోరు కట్టేసుకోమని నాకెవరూ చెప్పలేదు.”

దరఖాస్తు ఇవ్వడానికి జూన్‌లో సంఘం ఆఫీసుకు వెళ్ళాను. నారాయణగూడలో మెట్లెక్కి వెళ్ళే ఒక గది. గుమస్తా నా కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి, రసీదు రాసి ఇచ్చి, కాలరు పక్కకు జరిపాడు.

“అమ్మా, పనిలపని ఈ మెడ జర సూడరాదు. రెండు నెలల సంది పరేషాన్ చేస్తున్నది.”

మన దగ్గర ఇదొక ఆచారం. వైద్యం కాస్త తెలిసినవాళ్ళు ఎక్కడ కనబడితే అక్కడ ఒళ్ళు అప్పజెబుతారు. పెళ్ళి పందిట్లో మోకాలు, బస్సులో మణికట్టు, పరామర్శకు వెళ్ళినచోట నడుము. జర్మనీలో నాలుగేళ్ళున్నాను, ఒక్కరూ వీధిలో ఆపి భుజం చూపించలేదు. ఇక్కడ చూడనంటే పొగరు అంటారు. నేనెప్పుడూ అననూ లేదు. ఆ గుమస్తా మెడ కూడా చూశాను, రెండు కసరత్తులు చేయించాను, దిండు మార్చమన్నాను. ఆయన చాలా సంతోషించాడు. నెల తిరిగేసరికి అదే చేతిరాతతో ఆ చీటీ వచ్చింది.

నాకు కోపం వచ్చింది రాయబార కార్యాలయం గురించి కాదు. నా చెయ్యి పనికొచ్చింది, నా చదువు పనికిరాలేదు. అది నాకు మింగుడుపడలేదు.

చీటీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

“మెడ ఎలా ఉంది?” అన్నాను.

“సగం తగ్గిందమ్మా. దేవతలెక్క చెప్పినవ్. ఇంక సగం ఉన్నది, అదేంది జర...”

“మిగతా సగానికి నాకు అర్హత లేదు. మీరే రాసి పంపించారు.”

ఆయన చీటీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “గట్ల కాదమ్మా, అది కమిటీ రాయమన్నది. ఎంబసీకెళ్లి ఒక లెటర్ తెస్తే అయిపోతది.”

“ఆ ఎంబసీ లేదు. ఆ దేశమే లేదు.”

“లేదంటే? యాడికి పోయింది?”

“పక్క దేశంలో కలిసిపోయింది.”

ఆయన చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “అయితే ఆ పక్క దేశపోళ్ళ తాన తేరాదమ్మా? మా ఊరు మండలం మారినంక కాయితాలన్నీ కొత్త ఆఫీసోళ్ళే ఇచ్చిన్రు.”

ఆ గదిలో నాకు దొరికిన మొదటి మంచి మాట అదే. మెడ గురించి మాత్రం నేను నోరు విప్పలేదు. ఆరోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నాకు అర్హత ఉందని ఒప్పుకోనివాళ్ళ ఒంటిమీద నా చెయ్యి పడదు. వాళ్ళు ఆసుపత్రివాళ్ళయినా సరే, సంఘంవాళ్ళయినా సరే, మా ఆడపడుచు భర్తయినా సరే. ఆయన “ఏదో సరదాగా నేర్చుకున్న మర్దనా” అని ఒకసారి అన్నాడు. ఆయన మడమ నొప్పి ఆయనతోనే ఉండిపోయింది.

మద్రాసులోని జర్మనీ కాన్సులేటుకు ఉత్తరం రాశాను. ఇరవై ఆరేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని భాష. మా ఆయన పక్కన కూర్చుని, “ఇంగ్లీషులో రాయొచ్చు కదా” అన్నాడు. చదివిన భాషలోనే అడుగుతానన్నాను. నేను చదివిన స్కూలు వేరే సంస్థలో కలిసిపోయిందని, నా ఉత్తరాన్ని ఫలానా రాష్ట్రపు ఆరోగ్య శాఖకు పంపామని నెలలోపే జవాబు వచ్చింది. ఇక ఎదురుచూడటమే మిగిలింది.

ఈలోగా ఆగస్టులో ఒక మనిషి వచ్చాడు. కొండాపూర్ వైపు క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. యాభై దాటాయి. బండ మీదినుంచి జారి మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు విప్పాక మోకాలు కర్రలాగా బిగుసుకుపోయింది. కాంట్రాక్టరు అప్పటికింకా మంచివాడిగానే ఉండి ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు.

అమ్మాయి శ్రద్ధగా చేసింది. ఆరువారాలకు మోకాలు తొంభై డిగ్రీలు వంగింది. కుర్చీలో కూర్చోవచ్చు, మెట్లు దిగవచ్చు. ఆమె పుస్తకం ప్రకారం పని దాదాపు అయిపోయినట్టే. సంతోషంగా ఆయనకు చెప్పింది.

“ఇగ కుర్సీల మంచిగ కూసోవచ్చు తాతా.”

“నాకేడిది బిడ్డా కుర్సీ?” అన్నాడాయన. “రాయి ముంగట గొంతుక్కూసుంటేనే సుత్తె దెబ్బ పడేది. కుర్సీల కూసొని ఏం కొడ్త, నీ టేబులా?”

అమ్మాయి నా వైపు చూసింది. నేను దుప్పటి మడతపెడుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా చేతులు నా మాట వినడానికి ఇష్టపడలేదు. ఫ్యాక్టరీలో అలాంటి మోకాళ్ళు ఎన్నో చూశాను. నేలమీద కూర్చునే మనిషికి తొంభై ఎందుకూ పనికిరాదు. నూట ముప్ఫై దాటాలి, ఆ పైన బరువు ఆనాలి. జర్మనీలో నాకది నేర్పలేదు. అక్కడివాళ్ళకు గొంతుక్కూర్చునే అవసరం లేదు. అక్కడ నేర్పింది మోకాలు ఎలా వంగుతుందో. ఎంత వంగాలో ఇక్కడ నేర్చుకున్నాను.

దుప్పటి పక్కన పెట్టి, ఆయన మంచం దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. మడమ కింద ఎక్కడ పట్టాలి, మోకాలిచిప్పను ముందు ఎటు కదపాలి, ఆయన ఊపిరి వదిలేటప్పుడు ఎంత నొక్కాలి, మొహం ఎలా మారితే ఆగాలి. నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. అమ్మాయి చేసింది. తప్పుచేస్తే చెప్పాను, మళ్ళీ చేసింది.

“ఈమె నోరు, నువ్వు చేతులా?” అని ఆయన ఆ అమ్మాయిని అడిగాడు. “మంచిగున్నది. ఒక్కతానం ఇద్దరు డాక్టర్లు.”

“నేను అసిస్టెంటును” అన్నాను.

“గట్లనే కనబడ్తున్నది” అన్నాడు. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడని తెలియడానికి ఒక నిమిషం పట్టింది.

నవంబరు చివర్లో ఆయన ఆసుపత్రి నేలమీద, మా ఇద్దరి ముందు, రెండు మడమలూ ఆనించి గొంతుక్కూర్చున్నాడు. సుత్తె పట్టుకున్నట్టు చెయ్యెత్తి చూపించాడు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఆయన చికిత్స పత్రం మీద సంతకం పెట్టి, దాని కింద ఒక వాక్యం రాసింది: చికిత్స ఫలానా వారి సూచనల ప్రకారం జరిగినది. నా పేరు పూర్తిగా రాసింది.

“ఇది ఎందుకమ్మా?” అన్నాను.

“నాకు రానిది నాకొచ్చని ఎట్ల రాస్త మేడమ్?”

ఆ వాక్యమే మా మీదికి వచ్చింది. డిసెంబరులో ఒక కంపెనీ తరఫున మనుషులు ఆసుపత్రి చూడటానికి వచ్చి కొన్ని పత్రాలు తిరగేశారు. సూచనలు ఇచ్చిన ఈవిడ నంబరేదీ అని అడిగారు. మేనేజరు మా ఇద్దరినీ పిలిచాడు.

“ఆ లైను కొట్టెయ్యమ్మా” అన్నాడు అమ్మాయితో.

“నిజమే గద సార్ అది.”

“నిజమేనమ్మా. ఎవరు కాదన్నారు?”

“అయితే నేను కొట్టెయ్య సార్.”

ఆయన నా వైపు తిరిగాడు. “మీరు ఆ అమ్మాయిని కూడా చెడగొట్టారండి. ఇంకెన్నాళ్ళు ఇలా? ఒప్పందం జనవరి ఆఖర్న రాసుకుంటున్నాం. అప్పటికి మీ గుర్తింపు రాకపోతే మిమ్మల్ని ఉంచుకోలేనండి. అసిస్టెంటుగా కూడా.”

“సరే. గుర్తింపు వస్తే అసిస్టెంటు అని రాసిన ఆ నెలలన్నిటికీ సరిదిద్దిన ఉత్తర్వు ఇస్తారా?”

“ముందు రానివ్వండి.”

“ఇస్తారా అని అడిగాను.”

“ఇస్తామండి” అన్నాడు, విసుగ్గా.

జర్మనీ కాగితం క్రిస్మస్‌కు ముందు వచ్చింది. అరపేజీ. స్కూలు పాత దస్త్రాల్లో నా పేరు ఉందని, నా అర్హత నేటి జర్మనీలో కూడా చెల్లుతుందని రాశారు. ఇంకొక సంగతి కూడా రాశారు. పశ్చిమాన ఈ పని చేసేవాళ్ళను వేరే పేరుతో పిలిచేవారట. రెండూ కలిశాక చట్టం చేస్తూ తూర్పువాళ్ళు వాడిన ఫిజియోథెరపిస్టు అన్న పేరునే అందరికీ ఉంచారట. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాక మూడు రోజులు నా నడక మారిందని మా ఆయన అన్నాడు.

జనవరి రెండో వారంలో కమిటీ పిలిచింది. ముగ్గురు. పెద్ద ఒక ఎముకల డాక్టరు. ఫిజియోథెరపిస్టుల చదువు తూచే కమిటీకి డాక్టరు పెద్ద కావడం ఏమిటని ఆ గదిలో ఎవరికీ అనిపించినట్టు లేదు. రెండో ఆయన ఒక కాలేజీ ప్రిన్సిపాలు. మూడో ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు.

ప్రిన్సిపాలు జర్మనీ కాగితం చూసి తల ఊపాడు. “ధ్రువీకరణ సరిపోయింది. కానీ ప్రాక్టికల్ గంటలు చాలడం లేదండి. నలభై ఆరు వారాలు, మొత్తం ఎనిమిది వందల ఇరవై ఎనిమిది గంటలే.”

“వారానికి ఎన్ని వేశారు?”

“పద్దెనిమిది. రోజుకు మూడు, ఆరు రోజులు.”

“మూడు ఎందుకు?”

“పోస్టింగ్ తొమ్మిదినుంచి పన్నెండుదాకే కదండి.”

“అది మీ కాలేజీలో. అక్కడ పొద్దున ఆరున్నరకు వార్డులో ఉండాలి. రోజుకు ఎనిమిది గంటలు, శనివారం సెలవు. మీ ఆరు రోజుల్లో ఒకటి తీసెయ్యండి, మూడు గంటల్ని ఎనిమిది చెయ్యండి. నలభై ఆరు నలభైలు.”

ఆయన కాలిక్యులేటరు కోసం వెతికాడు. “వెయ్యిన్ని ఎనిమిది వందల నలభై” అన్నాను. రోజుకు ఎనిమిది గంటలని పత్రంలోనే ఒక మూల ఉంది. వేలు పెట్టి చూపించాను. అక్కడి వారాన్ని ఆయన మన వారంతో కొలిచాడు. అంతకంటే పెద్ద దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆ కొలతతో నా ఉద్యోగం పోయేది.

టీ వచ్చింది. డాక్టరు కప్పు ఎడమచేత్తో అందుకున్నాడు. పొద్దున్నుంచి ఆయన ఫైలు తీసినా ఫ్యాను వేసినా ఎడమచెయ్యే లేవడం గమనిస్తూనే ఉన్నాను. ఆయన కుర్చీ నా వైపు జరిపాడు.

“ఎలాగూ వచ్చారు కదా మేడమ్. ఈ కుడి భుజం నాలుగు నెలలుగా పైకి లేవడం లేదు. మా కుర్రాళ్ళు ఏదో చేస్తున్నారు గానీ, ఒకసారి చెయ్యి వేసి చూడండి.”

జనవరి ఆఖరు ఎంత దగ్గరలో ఉందో నాకు తెలుసు. ఆ భుజం పట్టుకుంటే గదిలో గాలి మారిపోతుందని కూడా తెలుసు. ఇన్నేళ్ళుగా అందరికీ చూసినట్టే చూస్తే చాలు.

“చూడలేనండి” అన్నాను. “నాకు అర్హత ఉందో లేదో మీరు ఇంకా తేల్చలేదు. లేదని తేలిస్తే, లేని మనిషితో మీరు వైద్యం చేయించుకున్నట్టవుతుంది. భుజాన్ని మాత్రం అశ్రద్ధ చేయకండి. ఎవరికైనా సరిగ్గా చూపించుకోండి.”

విశాఖపట్నం ఆవిడ టీ గొంతుకు అడ్డంపడి దగ్గింది.

టీ తరవాత డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. “గంటలు సరిపోయాయి. అయినా చదువు పాతది. ఆరునెలలు ఒక రిజిస్టరైన ఫిజియోథెరపిస్టు కింద పనిచేయాలన్న షరతుతో ఇద్దాం.”

అంటే ఆ అమ్మాయి కింద.

“ఏ నిబంధన ప్రకారం?” అన్నాను.

“కమిటీ విచక్షణ.”

“విచక్షణ ఉందని ఎక్కడ రాసి ఉందో ఆ నిబంధన సంఖ్య చెప్పండి. రాసుకుంటాను. షరతు పెట్టినట్టూ, ఎందుకు పెట్టారో కూడా రాసి ఇవ్వండి. నేను ఇరవై ఐదేళ్ళుగా చేస్తున్న పని ఇది.”

విశాఖపట్నం ఆవిడ అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది.

“అలాంటి నిబంధన లేదండి. నిరుడు లండన్ నుంచి వచ్చిన అబ్బాయికి మనం షరతు పెట్టలేదు. చదువై రెండేళ్ళే అయిందతనికి.” కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టింది. ప్రిన్సిపాలు పెట్టాడు. డాక్టరు కలం మూత తీసి కొంతసేపు పట్టుకుని, ఆఖర్న పెట్టాడు. షరతు లేకుండా.

నంబరు జనవరి ఇరవై ఎనిమిదిన చేతికి వచ్చింది. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. సరిదిద్దిన ఉత్తర్వులో తారీఖు ఒకటి తప్పుగా పడితే రెండోసారి టైపు చేయించాను. “మీతో వేగడం కష్టమండి” అన్నాడు. అది ఫిర్యాదో మెచ్చుకోలో అడగలేదు.

ఆ మొదటి రెండు రోజులూ పాత రోగులను అమ్మాయే చూసింది, నా చేతికి కొత్తగా ఎవరూ రాలేదు. మూడోరోజు పొద్దున అమ్మాయి పేర్ల కాగితం పట్టుకుని నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

“మేడమ్, మీ డాక్టర్ సార్ వచ్చిండు. మీరే కావాలంటున్నడు.”

ఎముకల డాక్టరు బయట బెంచీ మీద, ఒక కంప్యూటర్ కుర్రాడికీ ఒక ముసలావిడకూ మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“టోకెన్ తీసుకునే వచ్చానమ్మా” అని ఎడమచేత్తో చూపించాడు. పన్నెండో నంబరు.

“ఇప్పుడు ఏడు నడుస్తోంది. కూర్చోండి” అన్నాను.

కూర్చున్నాడు. పదకొండుదాకా అమ్మాయే చూసింది. తన వంతు వచ్చాక ఆయన లోపలికి వచ్చి చొక్కా విప్పి పడుకున్నాడు. భుజం బాగానే బిగుసుకుంది, కానీ పోయిన భుజం కాదు. దాదాపు ఎనిమిది నెలల తరవాత ఆసుపత్రిలో ఒక రోగి మీద నేను చెయ్యి వేయడం అదే మొదలు. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. ఆయన పళ్ళు బిగించి ఎడమచేత్తో మంచం అంచు పట్టుకున్నాడు. లేచేసరికి చెయ్యి చెవిదాకా రాలేదు గానీ గడ్డందాకా వచ్చింది.

పత్రం తీసుకుని చికిత్స వివరం రాశాను. కింద సంతకం పెట్టి, పేరు, నంబరు, అర్హత, చదివిన సంవత్సరాలు, దేశం రాశాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంగి చూశాడు.

“ఆ దేశం ఇప్పుడు లేదు కదమ్మా. జర్మనీ అంటే సరిపోతుంది.”

“తూర్పు జర్మనీలో చదివాను” అని చెప్పి, ఆయన పత్రం ఆయన చేతికిచ్చి, పదమూడో నంబరును పిలిచాను.